పరుపు విప్పిన మధ్యాహ్నం

"గడప మీద పడింది కాబట్టి సరిపోయింది. రెండడుగులు ఇటుగా పడి ఉంటే యంత్రంలో పడేది" అన్నారు మామగారు. అన్నది కోడలితో కాదు, గోడతో. ఆయనకి భయమేస్తే గోడతోనే మాట్లాడతారు.

కోడలు కొట్టు గడప పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, చిట్లిన కనుబొమ్మ మీద దూది అదిమి పట్టుకుంది. ఆ ఇంట్లో దేనికి కరువొచ్చినా దూదికి రాదు. ముందు కొట్టులో దూది, వెనక పనిగదిలో దూది, మేడ మీద అన్నం తినే కంచంలో కూడా ఒక పోగు. తాతల నాటి నించీ పరుపులు కుట్టే ఇల్లది.

"మళ్ళీ అదే కలా?" భర్త ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు.

"ఊఁ."

"తరుముతున్నారా?"

తలూపింది.

తెల్లవారకముందే మొదలయ్యే పని కాబట్టి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కాసేపు నడుం వాలుస్తారు. ఆమె కూడా మేడ మీద తన గదిలో పడుకుంది. ఆ తర్వాత తెలిసింది గడప తగిలిన నొప్పే. మధ్యలో మెట్లు దిగిందట, పనిగది దాటిందట, దూది ఏకే యంత్రాన్ని రాసుకుంటూ కొట్టులోకి ఉరికిందట. కళ్ళు తెరిచే ఉన్నాయట. అన్నీ "అట"లే. చూసినవాళ్ళు చెప్పగా విన్నవే.

చూసినవాళ్ళలో దిండ్ల టీచరమ్మ ఉండడమే అసలు తలనొప్పి. ఆవిడ బడిలో పాఠాలు చెప్పడం మానేసి చాలా కాలమైంది గానీ దిండు మార్చడం మాత్రం మానలేదు. ఎత్తు ఎక్కువైందని ఒకసారి తెస్తుంది, తక్కువైందని ఒకసారి తెస్తుంది. ఇవాళా చంకలో దిండుతోనే నిలబడి ఉంది. ఆవిడ చూసిందంటే వీధంతా చూసినట్టే.

"కలల్ని తేలిగ్గా తీసుకోకూడదు బాబూ" అంది టీచరమ్మ. "నన్ను ఇప్పటికీ పరీక్ష హాల్లో పిల్లలు తరుముతుంటారు. ఉద్యోగమంతా నేను వాళ్ళని తరిమాను కదా, పగ తీర్చుకుంటున్నారు."

భర్త నవ్వాడు. మామగారు నవ్వలేదు.

"కలా లేదు గిలా లేదు. పరుపులో దూది గడ్డ కట్టింది. నడుం కింద గడ్డ ఉంటే రక్తం ఆడదు. రక్తం ఆడకపోతే కాళ్ళు వాటంతటవే పరిగెడతాయి. ఇంతే సంగతి."

మామగారి వైద్యమంతా పరుపులోనే ఉంది. పంటినొప్పి అంటే దిండు ఎత్తు తగ్గించమంటారు. ఎదురింటి మొగుడూ పెళ్ళాలు వీధిన పడి పోట్లాడుకుంటుంటే, "పరుపు మధ్యలో పల్లం పడి ఉంటుంది, ఇద్దరూ అందులోకి దొర్లుతుంటే గొడవలు కాక ఏమవుతాయి" అన్న మనిషి.

"పరుపు కిందికి దించరా. యంత్రం ఖాళీగానే ఉంది. ఇప్పుడే విప్పి, ఏకి, సాయంత్రానికి కుట్టేద్దాం."

కోడలి చేతిలో దూది జారి నేల మీద పడింది.

"ఇప్పుడెందుకు మావయ్యా? ఎవరిదో పెద్ద పరుపు ఇవాళ ఇవ్వాలన్నారుగా."

"వాళ్ళది రేపిస్తే వాళ్ళేం చావరు. నువ్వు మెట్ల మీద పడితే?"

"తల తిరుగుతోంది. పైకెళ్ళి కాసేపు పడుకుంటాను."

"దేని మీద? ఆ పరుపు మీదేనా?" అన్నారాయన, తన మాటకి తనే గెలిచినట్టు.

ఆ పరుపులో, కాళ్ళ వైపు మూల, గోడకి ఆనుకున్న చోట, చారల గుడ్డ పేలికతో కుట్టిన చిన్న సంచీ ఉంది. సంచీలో తెల్లటి చిన్న బిళ్ళలున్నాయి. గర్భం రాకుండా వేసుకునే బిళ్ళలు. కొత్తలో రేకుతోనే దాచింది గానీ, ఎవరు పరుపు మీద కూర్చున్నా లోపల రేకు చప్పుడయ్యేది. అందుకని బిళ్ళలు ఒలిచి సంచీలో పోసుకోవడం నేర్చుకుంది. రోజూ భర్త కిందికి దిగాక మూల కుట్టు దారం వదులు చేసి ఒకటి తీసుకుని మళ్ళీ లాగి ముడేస్తుంది. దారం లాగడం ఎంత అలవాటైందంటే, చెయ్యి ఆ పని చేస్తుంటే మనసు ఇంకేదో ఆలోచించుకునేది.

పెళ్ళై నాలుగేళ్ళు. ఇంట్లో అందరూ బిడ్డ కోసం ఎదురుచూస్తున్నారు. ఆమె కూడా ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది.

"నేను దించుకొస్తాను, మీరు ఉండండి" అని లేచింది.

భర్త భుజం పట్టి కూర్చోబెట్టాడు. "నెత్తురు కారుతుంటే పరుపు మోస్తుందట. నువ్వు కదలకు. నేను తెస్తా."

అతను మెట్లెక్కబోతుంటే అత్తగారు దిగుతూ ఎదురొచ్చింది. చేతిలో మందు డబ్బా. కోడలు పడ్డప్పుడు మందు కోసం పైకెళ్ళిన మనిషి ఇప్పటికి దిగింది.

"ఆ డబ్బా ఎక్కడ పెట్టి చచ్చారో కనపడలేదు" అంది ఎవరూ అడక్కుండానే. కోడలి ముందు కూర్చుని గడ్డం పట్టి మొహం వెలుతురు వైపు తిప్పింది. మందు రాసింది. మెత్తగా రాయలేదు, గట్టిగానూ రాయలేదు.

పైన గదిలో మంచం కాళ్ళు జరిగిన చప్పుడు. పరుపు ఎత్తుతున్నాడు. కోడలి చెవులు రెండూ అక్కడే ఉన్నాయి.

"తరిమేది మనిషేనా?" అని అడిగింది అత్తగారు.

"తెలీదు."

"మొహం?"

"వెనక్కి చూడనత్తయ్యా."

"ఒక్కసారి కూడా?"

"చూడను."

అత్తగారు కట్టు కట్టడానికి గుడ్డ చించింది. "దీని అర్థం నాకు తెలుసు. పెళ్ళై ఒళ్ళో బిడ్డ లేని ఆడదాన్ని కలలో ఎవరైనా తరుముతుంటే వాళ్ళు శత్రువులు కారు. కడుపున పడదామని చూస్తున్న బిడ్డ. అది వెనకాల వస్తోంది. ఇది ముందు పరిగెడుతోంది."

మామగారు గోడ వైపు తిరిగారు.

"బాగుంది. ఎవరు చెప్పారు మీకు?" అంది టీచరమ్మ.

"ఎవరూ చెప్పలేదు. నేనే అంటున్నా."

పరుపు తల మీద పెట్టుకుని మెట్లు దిగుతున్న భర్త ఆ మాట విన్నాడు. పరుపు అంచు కింద అతని మొహం సగమే కనపడింది. ఆ సగంలో నవ్వుంది. ఏదో తెస్తామని మాటిస్తే పిల్లవాడు నవ్వే నవ్వు. కోడలు తల దించుకుంది.

"నేను చదివింది వేరు" టీచరమ్మ దిండు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. "ఎవరికైనా చెప్పాల్సిన మాట చెప్పకుండా నాలుక కింద పెట్టుకుంటే, కళ్ళు మూసుకోగానే ఆ మాటే కాళ్ళు తెచ్చుకుని వెంట పడుతుందట. నేను మా ఆడపడుచుకి ఒక మాట చెప్పకుండా దాచాను. ఎన్నాళ్ళు పరిగెత్తానో. చివరికి ఆవిడే పోయింది, కల పోయింది."

"మా ఇంట్లో దాపరికాలు లేవు టీచరమ్మగారూ" అంది అత్తగారు కట్టు ముడేస్తూ.

ముడి బాగా బిగిసింది.

*

పరుపుని పనిగది మధ్యలో, పరిచిన గోనెపట్టాల మీద పడేశాడు భర్త. మామగారు ముక్కుకి గుడ్డ కట్టుకుని బ్లేడు తీసుకున్నారు.

ఆ ఇంట్లో పరుపు విప్పడానికి ఒక పద్ధతుంది. తల వైపు కుట్టు రెండు పేటల దారంతో గట్టిగా వేస్తారు కాబట్టి అటు ముట్టుకోరు. ఎప్పుడూ కాళ్ళ వైపు మూల నించే మొదలుపెడతారు. నాలుగేళ్ళు ఆ ఇంట్లో మసిలి, వందల పరుపులు విప్పుతుంటే చూసి, ఆమె దాచుకోవడానికి ఎంచుకున్నది ఆ మూలే. గోడ పక్కన ఉంది కదా, ఎవరి కంటా పడదు అనుకుంది. పరుపుని పరుపుల వాళ్ళ కోడలిగా చూడలేదు, దొంగలా చూసింది.

"నేను విప్పుతా మావయ్యా. మీ కళ్ళకి దుమ్ము పడదు కదా."

"నీ కళ్ళకి పడుతుందా? కట్టు పోను ఒక కన్నేగా మిగిలింది" అన్నారాయన.

ఆయన మోకాలు మడిచి మూల దగ్గర కూర్చున్నారు. వేళ్ళతో కుట్టు తడిమారు. బ్లేడు ఎత్తిన చెయ్యి ఆగింది.

"ఈ మూల ఎవరు కుట్టారు?"

కోడలు నోరు తెరిచింది.

"ఇది నా కుట్టు కాదు. దారం కూడా కొత్తది" అన్నారు మామగారు.

"నేనే" అంది అత్తగారు గుమ్మంలోంచి. "మొన్న దుప్పటి మారుస్తుంటే ఊడి కనపడింది. రెండు పోట్లు వేశాను. మీ అనుమతి తీసుకోవాలా?"

"అనుమతి ఎందుకు, అడిగానంతే."

బ్లేడు కదిలింది. కోడలు మెడ చాచి చూసింది. దగ్గరదగ్గరగా, చీమలు బారు తీరినట్టు వేసిన కుట్టు. తన వదులు దారం లేదు. ఇవాళ పొద్దున దారం లాగి ముడేసింది తనే. ఆ ముడి వేసి రోజు కూడా గడవలేదు. మొన్న కుట్టడమేమిటి?

మామగారు చెయ్యి లోపలికి పెట్టారు. మోచేతి దాకా, ఆపైన భుజం దాకా. మొహం పక్కకి తిప్పి, కళ్ళు మూసుకుని, దూడ కోసం ఆవు కడుపులో చెయ్యి పెట్టిన వైద్యుడిలా వెతికారు.

"గడ్డ ఉందా నాన్నా?"

"ఉండు."

కోడలు ఆయన భుజం కదలికే చూస్తోంది.

"ఇదిగో" అని చెయ్యి బయటికి లాగారు. పిడికిలంత దూది ఉండ. నల్లబడి రాయిలా ఉంది. దాన్ని తెచ్చి నేరుగా కోడలి ఒళ్ళో పెట్టారు. "ఇది తరిమింది నిన్ను. చెప్తే విన్నారా ఎవరైనా? బిడ్డలట, మాటలట."

మూల పూర్తిగా విచ్చుకుంది. దూది అంతా గోనెల మీదికి జారింది. భర్త రెండు చేతులా దాన్ని విదిలించాడు, చెదరగొట్టాడు, యంత్రం నోటికి పట్టాడు. సంచీ లేదు. ఎక్కడా లేదు.

దొరకలేదన్న ఊరట ఒక్క క్షణం కూడా నిలవలేదు. దొరకలేదంటే ముందే దొరికిందని.

అత్తగారు ఆమె వంక చూడటం లేదు. యంత్రం వంక చూస్తోంది.

"దుమ్ములో కూర్చోకు, రా" అంది కాసేపాగి. "పరుపుకి కొత్త గుడ్డ కొలవాలి."

*

గుడ్డల గది మెట్ల కింద ఉంది. నిటారుగా నిలబడితే తల తగులుతుంది. గోడ పొడుగునా చారల గుడ్డ తానులు, పక్కన ఒక నీళ్ళ కూజా, ఒక బల్ల. అత్తగారు తలుపు దగ్గరికి వేసింది. యంత్రం మోత సగానికి తగ్గింది. ఒక తాను తీసి ఒళ్ళో పెట్టుకుంది గానీ కొలబద్ద అందుకోలేదు.

"ఎప్పుడు తీశారు?" అంది కోడలు. ముందు అడగాలనుకున్నది అది కాదు.

"నువ్వు పడ్డాక. మందు కోసమని పైకెళ్ళి. మీ మామగారి నోట ఏ మాట వస్తుందో నాకు తెలీదా? నిన్ను దోమ కుట్టినా ఆయన పరుపే విప్పుతారు."

"అంటే మీకు ముందే…"

"ఆ మూల దారం ఒకరోజు ఎడమకి ముడి పడి ఉంటుంది, ఒకరోజు కుడికి. దబ్బనం పట్టీ పట్టీ వేళ్ళు వంకర్లు పోయినదాన్ని. దుప్పటి మార్చేటప్పుడు నాకు కనపడదా?" పని చేసేటప్పుడు కట్టుకునే ముందుగుడ్డ జేబులోంచి సంచీ తీసి తాను మీద పెట్టింది. "మందులకొట్టు పిల్లకి ఒకటి చూపించాను, ఇదేం బిళ్ళమ్మా అని. చెప్పింది. ఈ వయసులో మీకెందుకండీ అని నవ్వింది కూడా."

కోడలు సంచీ వైపు చెయ్యి చాపలేదు.

"నెల దాటింది" అంది అత్తగారు. "ఇవాళ చెప్తుంది, రేపు చెప్తుంది అని చూశాను. ఎక్కడికెళ్ళినా నన్నే అడుగుతారు, ఇంకా ఏం లేదా అని. వాళ్ళ చేతుల్లో ఏముంది పాపం అంటాను. నువ్వు నా పక్కనే నిలబడి ఉంటావు, ఆ మాట వింటూ. ఒక్కసారైనా నన్ను చూసి జాలేసిందా నీకు?"

"వేసింది."

"వేసి?"

కోడలు సంచీ వంక చూసింది.

"మావాడంటే ఇష్టం లేదా? ఉన్నదున్నట్టు చెప్పు. ఎప్పటికైనా వెళ్ళిపోదామని, అప్పుడు కాళ్ళకి అడ్డం ఉండకూడదని చూసుకుంటున్నావా?"

"అత్తయ్యా."

"నెల నించీ అదే అనుకుంటున్నాను. అన్నం వడ్డిస్తూ అనుకుంటున్నాను. వాడు నీ తలకింద దిండు సర్దుతుంటే చూసి అనుకుంటున్నాను. వీడికి తెలీదు కదా, ఎవరికి సర్దుతున్నాడో అని."

"ఆయనంటే ఇష్టం లేకపోతే ఇంత కష్టం ఎందుకు పడతానండీ? ఎప్పుడో చెప్పేసి పోయేదాన్ని."

"మరి?"

అత్తగారు తొందరపెట్టలేదు. తాను అంచు మీద లేచిన దారప్పోగుని తెంపి, వేలికి చుట్టుకుంది.

"నిద్రలో నువ్వేమంటావో తెలుసా?" అంది చివరికి.

"అరుస్తానన్నారు ఆయన."

"అరవవు, పిలుస్తావు. అక్కా అంటావు. ఇవాళ మెట్లు దిగుతూ కూడా అన్నావు. పట్టుకుందామని నీ వెనకే దిగాను, అందలేదు. తరిమేవాళ్ళని ఎవరైనా అక్కా అంటారా?"

కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. కట్టు మాత్రం ఎర్రగా ఉంది.

"మా అక్క పోయింది జ్వరంతో కాదత్తయ్యా."

అత్తగారి వేలికి చుట్టిన దారం ఆగిపోయింది.

"కాన్పుకి తీసుకెళ్ళారు. నన్ను బయట బల్ల మీద కూర్చోమని, దాని బట్టల సంచీ పట్టుకోమన్నారు. కాసేపటికి పరిగెత్తడం మొదలుపెట్టారు. నర్సులు, ఇంకా ఎవరెవరో, ఒకరి తర్వాత ఒకరు నా ముందు నించే. ఒక్కరూ నా వంక చూడలేదు. ఆ నేల మీద వాళ్ళ అడుగుల చప్పుడు ఎలా ఉండేదో…" ఆమె ఆగింది. తను చెప్తున్నది తనే మొదటిసారి వింటున్నట్టు ఉంది. "అదేనండీ. కలలో వచ్చేది అదే చప్పుడు. నన్ను ఎవరూ తరమటం లేదు. వాళ్ళు ఆ గదిలోకి పరిగెడుతున్నారు. కాకపోతే ఈసారి ఆ గదిలో ఉండాల్సింది నేను. వాళ్ళ కంటే ముందు బయటపడాలని పరిగెడతాను."

"బిడ్డ?"

"బిడ్డా దక్కలేదు."

అత్తగారి చెయ్యి ఒకసారి కోడలి మోకాలి వైపు వచ్చింది. దారిలోనే ఆగి, తాను మీద లేని మడతని సరిచేసింది.

"మీ అమ్మ జ్వరమంది" అంది. "సంబంధం మాట్లాడుకున్న రోజు, మీ ఇంట్లోనే కూర్చుని. నేనడిగాను, పెద్దపిల్లకి ఏమైందమ్మా అని. జ్వరమంది."

"మీకంటే ముందు సంబంధానికొచ్చినవాళ్ళకి ఉన్నదే చెప్పారు. ఆ ఇంటి ఆడపిల్లలకి కాన్పు అచ్చిరాదని వెళ్ళిపోయారు."

"నేనూ అలాగే అనేదాన్నేమో" అంది అత్తగారు. కొంచెం ఆలోచించి, "అనేదాన్నే" అంది. ఆ నిజం తనకే నచ్చనట్టు గొంతు పెంచింది. "అంతమాత్రాన? నా కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పింది మీ అమ్మ. నువ్వూ పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"నీకు పక్కన నిలబడటం బాగా అలవాటు."

కోడలు ఆ మాట తీసుకుంది. కాదనడానికి ఏముంది?

"ఇది మీ మామగారికి తెలిస్తే మీ అమ్మని ఈ గడప తొక్కనివ్వరు. వాడికి తెలిస్తే…" అత్తగారు ఆగింది. "వాడేం చేస్తాడో నాకూ తెలీదు. నేను కన్నవాడే. అయినా తెలీదు. నాలుగేళ్ళుగా వాడు తనలోనే ఏదో లోపం ఉందనుకుంటున్నాడు. నీకు చెప్పాడా?"

"లేదు."

"నాకూ చెప్పలేదు. మందులకొట్టు పిల్లే చెప్పింది. బలానికని ఏవేవో కొనుక్కెళ్తుంటాడట, నాకు చెప్పొద్దని బతిమాలుకుని."

భర్త రోజూ ఏదో పొడి నీళ్ళలో కలుపుకుని తాగడం కోడలు చూసింది. అరుగుదలకి అన్నాడు. నిజమే అనుకుంది. ఒకే గదిలో ఇద్దరూ ఒకరికి తెలీకుండా ఒకరు, ఒకే బిడ్డ గురించి మందులు మింగుతున్నారు.

"ఆయనకి చెప్తారా మీరు?"

"నేనెందుకు చెప్తాను? నేను చెప్తే చాడీ."

యంత్రం ఆగింది. ఇద్దరూ తలుపు వైపు చూశారు. సంచీ తియ్యడానికి అత్తగారి చెయ్యి కదిలేలోపే తలుపు తెరుచుకుంది.

భర్త లోపలికొచ్చాడు. జుట్టు నిండా, కనురెప్పల నిండా దూది. ఒక్క గంటలో ముసలివాడైపోయినట్టున్నాడు.

"గుడ్డ కొలవడానికి ఇంతసేపా? అక్కడ నాన్న చిందులేస్తున్నారు" అన్నాడు. తల తగలకుండా వంగి ఇద్దరినీ చూశాడు. "ఏంటి, ఏడ్చారా?"

"దుమ్ము" అంది అత్తగారు.

"అదేంటమ్మా?" తాను మీద సంచీ చూశాడు.

"నా మోకాళ్ళ నొప్పుల బిళ్ళలు."

మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఒక్క క్షణం కోడలు కూడా నమ్మింది.

"బతికించావు. పరుపు మోస్తుంటే నడుం పట్టేసింది. ఒకటి వేసుకుంటా." అతను వంగి సంచీ తీసుకుని దాని మూతి విప్పి అరచేతిలోకి వంచాడు. "ఇంత చిన్నవా? రెండు వేసుకోవాలేమో."

"వద్దురా. అవి నీకు పడవు."

"నీకు పడ్డవి నాకెందుకు పడవు?"

"మగవాళ్ళకి పడవు."

"నొప్పికి ఆడా మగా ఏంటమ్మా? నువ్వు కూడా నాన్నలాగే తయారయ్యావు." నవ్వుతూ ఒక బిళ్ళ ఉంచుకుని, మిగతావి సంచీలో పోసి, కూజా వైపు చెయ్యి చాపాడు.

అత్తగారు ఇంకేదో అనబోయి మానేసింది. కోడలి వంక తిరిగింది. ఆ చూపులో కోపం లేదు, జాలీ లేదు. చేసినంత చేశాను, ఇక నా చేతిలో లేదన్నట్టుంది.

అతను గ్లాసు నింపుకున్నాడు.

ఊరుకోవచ్చు. ఒక్క బిళ్ళ మింగితే మగవాడికేమీ కాదు. నీళ్ళు తాగి, గుడ్డ తీసుకుని వెళ్ళిపోతాడు. సాయంత్రానికి కొత్త పరుపు తయారవుతుంది. ఆమె ఇదంతా ఆలోచించింది. అతను తల పైకెత్తాడు. గొంతు మీద కూడా దూది అంటుకుని ఉంది.

"వేసుకోకండి" అంది.

గ్లాసు ఆగింది.

"అవి అత్తయ్యవి కావు. నావి."

అతను ముందు తల్లిని చూశాడు. తర్వాత ఆమె కట్టుని చూశాడు. బిళ్ళ ఇంకా రెండు వేళ్ళ మధ్యే ఉంది.

"నీవా? నీకేం నొప్పి?"

బయట మామగారు దారం కోసం కేకేశారు. ఇంకోసారి కేకేశారు. అత్తగారు తాను పక్కన పెట్టి లేవబోయింది.

"మీరు కూడా ఉండండత్తయ్యా" అంది కోడలు. భర్త వైపు తిరిగింది. "తలుపు వేసి కూర్చోండి. చెప్తాను."

అతను తలుపు వేశాడు. కూర్చోలేదు.